మూడు వేళ్ళ పింఛను

మూడు నెలలకోసారి జర్మనీ నుంచి కవరు వస్తుంది.
పోస్ట్‌మాన్ ఫెర్మిన్ సైకిల్ దిగడు.
మా గడప మీద ఒక కాలు ఆనించి
"ఎలాదియో, నీ వేళ్ళ జీతం!" అని కేకేస్తాడు.

ఎడమ పాదానివి మూడు.
చిటికెనవేలూ, దాని పక్కదీ, ఆ పక్కదీ.
వోల్ఖోవ్ నది ఒడ్డున బూటు లాగితే
అవి మేజోడుతోనే వెళ్ళిపోయాయి.

ఏడాదికోసారి ఒక ఫారం కూడా వస్తుంది.
నాలుగో గడి: స్వచ్ఛందంగా చేరారా?
అవునని టిక్కు పెడతాను.
అందులో 'స్వ' ఎవరిదో రాయడానికి
చోటు వదల్లేదు వాళ్ళు.

నలభై ఒకటి, జూలై.
ఎండకి ఆలివ్ ఆకులు కూడా తెల్లబోయిన మధ్యాహ్నం.
నాన్న జైలుకెళ్ళి రెండేళ్ళు.
ఓడిపోయినవాళ్ళకి రొట్టెలు కాల్చాడు, అదీ నేరం.
గెలిచినవాళ్ళకీ ఆ పొయ్యిలోనే కాల్చాడని
ఎవరూ సాక్ష్యం చెప్పలేదు.
"నీ పేరు ఇక్కడ పడితే
మీ నాన్న ఫైలు మీద దుమ్ము పడుతుంది"
అన్నాడు ఊరి కార్యదర్శి.
కలం ఆయనదే, సిరా ఆయనదే.
సంతకం ఒక్కటీ నాది.

నా పక్కన నికాసియో రెండు పూటల తిండికి రాశాడు.
వెనక వరసలో నిజంగా నమ్మి వచ్చినవాళ్ళున్నారు,
నీలం చొక్కాలు, గొంతు చించుకునే పాటలు.
వాళ్ళకీ నాకూ ఒకే రకం బూట్లిచ్చారు.
రష్యా చేలల్లో ఆ అడుగులు చూసి
ఏది ఎవరిదో ఏ రైతూ చెప్పలేకపోయాడు.

నాకు రాని భాషలో ప్రమాణం చేయించారు.
దుబాసీ తొందరలో ఉన్నాడు,
రెండు వాక్యాలు మింగేశాడు.
ఆ రెండిట్లో ఏముందో ఇప్పటికీ తెలీదు.

నడిచాం. వారాల తరబడి నడిచాం.
ఏదో ఊళ్ళో, చొక్కాకి పసుపు గుడ్డ కుట్టుకున్న ముసలాయన
నన్ను చూసి రోడ్డు దిగి
బురదలో నిలబడి టోపీ తీశాడు.
నేను దారి అడగలేదు.
ఇచ్చిన దారిన మాత్రం నడిచాను.

పెలగేయా ఇంట్లో మమ్మల్ని ఆరుగురిని పెట్టారు.
మేం వెళ్ళేసరికి గోడ మీద ఒక ఫోటో
వెనక్కి తిప్పి ఉంది.
రాత్రి నికాసియో తిప్పి చూశాడు.
మా ఈడువాడే. అవతలి టోపీ.

నా పాదం నల్లబడ్డ రోజు
ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని బాతు కొవ్వు రాసింది.
ఏడ్చింది.
నాకోసం కాదని నాకు తెలుసు.
ఆమె ఒళ్ళో ఉన్నది నా కాలు కాదు.

వారం తిరక్కుండానే, కందకానికి కప్పు కావాలని
ఆమె ఇంటి దుంగలు ఊడబెరికాం.
నేనూ ఒక కొస పట్టుకున్నాను, కుంటుతూనే.
ఆమె పొయ్యి ఒక్కటే మిగిలింది, మంచులో,
ఇల్లు లేకుండా.
కందకంలో పడుకుంటే
నెత్తి మీద దుంగల్లోంచి ఉల్లిపాయల వాసన.

నేను తిరిగొచ్చేసరికి నాన్న ఇంట్లో ఉన్నాడు.
మాట నిలబెట్టుకున్నారు వాళ్ళు, అది చెప్పాలి.
నా నడక చూశాడు. కోటు చూశాడు.
లోపలికెళ్ళి రొట్టె తెచ్చి
బల్ల మీద బోర్లా పెట్టాడు.

మా ఊళ్ళో రొట్టెని బోర్లా పెట్టరు,
దేవుడి ముఖం నేలకి ఆనించినట్టని.
నలభై ఏళ్ళు రొట్టెలు చేసిన చెయ్యి అది,
పొరపాటున పెట్టదు.
నేను తిప్పలేదు. అలాగే తిన్నాను.
ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడు.
పిండి గురించీ కట్టెల గురించీ మాట్లాడుకున్నాం.

ఫారం అడుగున "ఇతర వివరాలు" అని రెండు గీతలుంటాయి.
ఈసారి పెలగేయా అని రాశాను.
ఇంటిపేరు తెలీక ఆగిపోయాను.
కొట్టేశాను.

కొట్టివేతలుంటే చెల్లదట.
కొత్త ఫారం కోసం రాయాలంటాడు ఫెర్మిన్,
ఇవాళ సైకిల్ దిగి.